సిలువ గుర్తు గుడ్లు

మా ఊళ్లో కొమాద్రెను తిట్టకూడదు. మన బిడ్డను చర్చిలో జ్ఞానస్నానానికి ఎత్తుకున్న ఆడమనిషి మనకు కొమాద్రె, ఆమెకు మనం కొమాద్రె. ఆ రోజు నుంచి ఒకరినొకరు ‘మీరు’ అనాలి. ఎదురుపడితే చేతులు కలపాలి. ఒంట్లో ప్రాణం ఉన్నంతకాలం మాటా మాటా అనుకోకూడదు. అనుకుంటే ఆ బిడ్డకు తగులుతుందంటారు. ఈ నియమం పెట్టిన మహానుభావుడికి బసిలీసా లాంటి కొమాద్రె ఉండి ఉండదు.

బసిలీసా మా అమ్మాయి నియెవెస్‌ను ఎత్తుకున్న మనిషి. పక్కిల్లే. మధ్యలో ఉన్నది కిత్తనార కంచె ఒక్కటే. ముప్పై ఏళ్లు ఆ కంచె సందులోంచి ఉప్పూ నిప్పూ ఇచ్చిపుచ్చుకున్నాం. ఇప్పుడు ఆ సందులోంచి ఆమె మొహం కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకో చెబుతాను, మీరే తీర్పు చెప్పండి.

నిరుడు ఫిబ్రవరిలో నా ప్రియేతా పొదుగుకొచ్చింది. ప్రియేతా అంటే నల్లపిల్ల. కాకి నలుపు టర్కీ కోడి, మా అమ్మ పెళ్లికి ఇచ్చిన కోడి సంతతి. దిష్టి తగలకుండా దాని కాలికి ఎర్ర ఉన్ని దారం కట్టేదాన్ని. ఒకరోజు అది ఇంటికి రాలేదు. మలిన్చె కొండ వాలు దాకా వెతికాను. ప్రియేతా, ప్రియేతా అని అరిచి అరిచి గొంతు పోయింది. నక్క ఎత్తుకుపోయిందనుకుని ఏడ్చి ఊరుకున్నాను.

రెండు రోజులకు బసిలీసా నన్ను భోజనానికి పిలిచింది. మిరపకాయలూ నువ్వులూ నూరి నల్లగా నిగనిగలాడే మోలె చేసింది. అందులో టర్కీ మాంసం. నేను రెండుసార్లు పెట్టించుకున్నాను. కంచంలో మిగిలిన పులుసు కూడా తోర్తియా రొట్టె ముక్కతో తుడుచుకుని మరీ తిన్నాను. నలుగురూ వింటుండగా, “ఇంత మెత్తటి మాంసం ఎక్కడ దొరికింది కొమాద్రె?” అని మెచ్చుకున్నాను కూడా.

“దేవుడిచ్చాడు కొమాద్రె,” అంది. ఆ ముక్క అనేటప్పుడు ఆమె నా మొహం వంక చూడలేదు.

నెల తర్వాత మా కుక్క ఆమె పెంటకుప్ప తవ్వి ఒక కోడి కాలు పట్టుకొచ్చింది. కాలికి ఎర్ర దారం. సంగతి మిల్లు నడిపే తోమాసా చెప్పింది. ప్రియేతా వెళ్లి బసిలీసా చొప్పవామిలో పొదుగు కూర్చుందట. పొదుగు దిగడానికి ఆమె దాన్ని పట్టుకుని, పైన గాజుపలక లాగా గడ్డకట్టిన నీళ్ల తొట్టిలో మూడు ముంచులు ముంచిందట. తడి కోడిని నీడన కట్టేసిందట. సాయంత్రానికి బిగుసుకుపోయింది.

నా కోడిని చలికి చంపి, వండి, నా చేతే తినిపించి, నా నోటితోనే మెప్పించుకుంది. తిట్టడానికి నోరు లేదు నాకు. ఆ ఎర్ర దారం తీసుకెళ్లి ఆమె గేటుకు ముడివేసి వచ్చాను. ఆమె అది విప్పి లోపలికి తీసుకుపోవడం కంచె సందులోంచి చూశాను. మర్నాడు మళ్లీ “బాగున్నారా కొమాద్రె?” “మీ దయ వల్ల కొమాద్రె.” కడుపులో కత్తులు, నోట్లో తేనె. అలా పది నెలలు గడిపాం.

మొన్న డిసెంబరులో ఊరికి కోళ్ల రోగం తగిలింది. పందిట్లో నిలబడ్డ కోడి నిలబడ్డట్టే ఒరిగిపోయేది. నా పుంజు పోయింది. బసిలీసా తెల్ల టర్కీలు, ఆమె అత్తగారి కాలం నుంచి వస్తున్నవి, మొత్తం పోయాయి. మా పెళ్లిళ్లలో టర్కీని చంకన పెట్టుకుని ఆడతారు; ఆమె తెల్ల పుంజు లేకపోతే ఊళ్లో పెళ్లి పెళ్లి కాదన్నట్టు మిడిసిపడేది. నాకు మిగిలింది ప్రియేతా కూతురు ఒక్కటే. తల్లి లాగే కాటుక నలుపు. పుంజు పోకముందు జతకట్టింది కాబట్టి ఆరు గుడ్లు పెట్టి, జనవరి మొదట్లో, కాలం కాని కాలంలో, పొదుగుకొచ్చింది.

“ఈ చలిలో పొదిగేస్తావా? పిచ్చా నీకు?” అంది తోమాసా. “కుండలో నీళ్లే గడ్డకడుతుంటే గుడ్లో నీళ్లు ఆగుతాయా? మార్చి దాకా ఆగు.”

“మార్చికి దీనికి జత ఎవడు, నీ మొగుడా?” అన్నాను. మిల్లులో అందరూ నవ్వారు. కానీ నాకు నవ్వులాట కాదు. ఈ ఆరు గుడ్లు పోతే మా అమ్మ ఇచ్చిన నలుపు నాతోనే ఆఖరు.

వంటింటి వెనక, పొయ్యి గోడకు ఆనించి గంప పెట్టాను. అడుగున బూడిద, దానిమీద చొప్ప, దానిమీద నా మొగుడి పాత ఉన్ని కంబళి. గంప సర్దుతుండగా గేటు దగ్గర బసిలీసా గొంతు వినిపించింది.

“దొమితిలా కొమాద్రె, బాగున్నారా?”

“మీ దయ వల్ల, కొమాద్రె.”

“చలి ఎక్కువగా ఉంది.”

“జనవరి కదా మరి.”

“మీ కోడి పొదుగుకొచ్చిందట.”

“తోమాసా చెప్పిందా? ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. చల్లకొచ్చి ముంత దాచడమెందుకు, కొమాద్రె? సంగతి చెప్పండి.”

శాలువా విప్పింది. కడుపుకు ఆనించి పట్టుకున్న చిన్న బుట్టలో ఆరు గుడ్లు. “తెల్లవాటివి. చచ్చిపోయే ముందు పెట్టినవి. ఇవే మిగిలాయి. ఊళ్లో ఇంకో పొదుగు కోడి లేదు. మీ ఆరింటితో పాటు వీటినీ పొదిగేయరూ? కోడి మేత నాది. ఇరవై ఎనిమిది రోజులూ రోజూ పొద్దున్నే తెచ్చి నా చేతులతో పెడతాను.”

చూడండి దేవుడి లీల! పొదుగు కోడిని చంపిన మనిషి, పొదుగు కోడి కోసం నా గుమ్మంలో నిలబడింది. నా లోపల ఏదో చల్లగా, హాయిగా దిగింది. ఈ ఆరింటినీ చంపుతాను అనుకున్నాను. ఏ చలితో నా ప్రియేతాను చంపిందో ఆ చలితోనే. చలికాలంలో పొదిగేస్తే గుడ్లు పోవడం మామూలే, నన్ను అడిగేదెవరు?

“అదెంత భాగ్యం, కొమాద్రె! మీ గుడ్లయితే ఒకటి, నా గుడ్లయితే ఒకటీనా?” అన్నాను. నా గొంతు నాకే ముద్దొచ్చింది.

మా దగ్గర పొత్తులో పొదిగేస్తే ఎవరి గుడ్లకు వాళ్లు బొగ్గుతో గుర్తు పెట్టుకుంటారు. ఏ గుర్తు పెంకులోంచి వచ్చిన పిల్ల ఆ మనిషిది, దానికి తిరుగులేదు. నావాటికి సున్నా చుట్టాను. ఆమె తనవాటికి సిలువ గీసింది. గుడ్లు చూస్తే అన్నీ ఒకే తీరు, మీగడ రంగుమీద గోధుమ మచ్చలు. పన్నెండింటినీ పొయ్యి దగ్గర గోరువెచ్చ చేసి కోడి కింద పెట్టాం. అది రెక్కలు పరిచి, ఎవరివని అడగకుండా అన్నింటినీ లోపలికి లాక్కుంది.

మర్నాడు ముగ్గురు రాజుల పండుగ. తోమాసా ఇంట్లో కోసిన పండుగ రొట్టెలో దాచిన బొమ్మ నా ముక్కలో వచ్చింది. బొమ్మ వచ్చినవాళ్లు ఫిబ్రవరి రెండున, కొవ్వొత్తుల పండుగ నాడు, అందరికీ మొక్కజొన్న ఆకుల్లో పిండి చుట్టి ఉడికించిన తమాలెలు పెట్టాలి. వేళ్ల మీద లెక్కేశాను. ఇరవై ఎనిమిదో రోజు సరిగ్గా అదే. నా పిల్లలు గంపలోంచి బయటికి రావడం, ఆమె గుడ్లు రాళ్లలా మిగలడం, ఊరి ఆడవాళ్లందరి ముందూ జరుగుతుంది! పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టే ఉంది అనుకున్నాను.

ఆమె మాట తప్పలేదు. రోజూ పొద్దున్నే వేయించిన మొక్కజొన్న తెచ్చేది. చలిలో పచ్చిమేత కన్నా అదే వేడి. కోడి దానంతట అది లేవదు. కూర్చున్న చోటే ఆకలికి చచ్చే జాతి. ఆమే దాన్ని రెండు చేతులా ఎత్తి దింపేది. అది తిని, గోరువెచ్చటి నీళ్లు తాగి, దొడ్లో ఒక చుట్టు తిరిగేదాకా గుడ్లమీద కంబళి కప్పేది. ఎంత జాగ్రత్తో! నీళ్ల తొట్టి దగ్గర ఈ జాగ్రత్త ఎక్కడికి పోయింది తల్లీ, అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చేది. మింగేదాన్ని.

ఎనిమిదో రోజు గంప దగ్గర్నుంచి కేకేసింది. “కొమాద్రె, కోడి దొర్లించి దొర్లించి గుర్తులు చెరిగిపోతున్నాయి. రేపటికి అసలు కనిపించవు. ఒక బొగ్గు ముక్క ఇస్తారా, మళ్లీ గీస్తాను?”

పెనం మీద తోర్తియా మాడుతోంది. పొయ్యిలోంచి ఒక బొగ్గు తీసి, ఆర్పి, ఆమె చేతిలో పెట్టి, వంటింట్లోకి పరిగెత్తాను. తిరిగి వచ్చేసరికి గీసేసింది. సిలువలు లావుగా, నల్లగా, గుడ్డివాళ్లకు కూడా కనిపించేలా ఉన్నాయి. ఏవి చంపాలో తన చేత్తో తనే గీసిచ్చిందని ఆ రోజంతా లోలోపల నవ్వుకున్నాను.

పద్దెనిమిదో రోజు దాకా ఆగాను. చిన్నప్పుడే చంపితే ఏం సుఖం? లోపల పిల్ల ఒళ్లు పట్టాలి, ఆమె ఆశ కూడా ఒళ్లు పట్టాలి. ఆ పొద్దున కిత్తనార ఆకుల మీద మంచు ఉప్పు చల్లినట్టుంది, కుక్క గిన్నెలో నీళ్లు రాయిలా ఉన్నాయి. బసిలీసా రావడానికి ఇంకా బోలెడు టైముంది. కోడి కింద చెయ్యి పెట్టాను. అది నా మణికట్టు మీద రక్తం వచ్చేలా పొడిచింది. పొడవనీ అనుకున్నాను. సిలువ గుడ్లు ఆరూ ఏరి, బట్టలుతికే రాతి మీద వరసగా పెట్టాను. వెచ్చగా ఉన్న గుడ్ల కింద మంచు కరిగి, మళ్లీ గడ్డకట్టింది.

పొయ్యి దగ్గర కూర్చుని పిండి అంతా తోర్తియాలు కాల్చాను. ఒక్కొక్కటి తిరగేస్తూ, ఇది మొదటి ముంచు, ఇది రెండో ముంచు, ఇది మూడో ముంచు అనుకున్నాను. పిండి అయిపోయాక వెళ్లి తీస్తే గుడ్లు వేళ్లకు అంటుకున్నాయి. కోడి కింద పెడితే అది ఒక్కసారి జలదరించింది. అయినా వాటిని పొట్ట కిందికి లాక్కుంది. నాకు జాలి వెయ్యలేదు. అబద్ధమెందుకు, పాట పాడుకున్నాను. అలా మూడు పొద్దులు చేశాను.

కొవ్వొత్తుల పండుగ నాడు తెల్లవారేసరికి గంపలో కిచకిచలు. కోడి కింద వేళ్లు పెట్టి పగిలిన పెంకులు తీశాను. అన్నిటిమీదా సున్నాలే. ఆరుకి ఆరు! సిలువ గుడ్లు చల్లగా, బరువుగా అలాగే ఉన్నాయి. పిల్లలు తడి తడిగా, చీకట్లో రెక్కల కింద నక్కి ఉన్నాయి. ఆరేదాకా కదపకూడదని వదిలేశాను. మోకాళ్లమీద పడి దేవుడికి దండం పెట్టాను. దేనికి దండం పెట్టానో ఆయనకీ తెలుసు.

చర్చిలో విత్తనాలూ కొవ్వొత్తులూ దీవింపజేసుకుని, పది మంది ఆడవాళ్లు మా దొడ్లో కూర్చున్నారు. తమాలెలు పొగలు కక్కుతున్నాయి. బసిలీసా అంచున బల్ల మీద ఉంది. అందరి చేతుల్లో కంచాలు పడ్డాక మొదలుపెట్టాను.

“అయ్యో కొమాద్రె, ఏం చెప్పమంటారు! నావి ఆరూ పిల్లలయ్యాయి. మీ సిలువ గుడ్లు ఒక్కటీ పగల్లేదు. చలి పాపిష్టిది, కొమాద్రె. కొందరి చేతికి చలి అలా అంటుకుని ఉంటుంది. ఒక్కసారి చన్నీళ్లలో పెట్టిన చెయ్యి జన్మలో వేడెక్కదంటారు.”

ఎవరూ తమాలె నమలడం లేదు. తోమాసా మాత్రం కళ్లు పెద్దవి చేసుకుని అటూ ఇటూ చూస్తోంది. బసిలీసా కంచం ఒళ్లో పెట్టుకుని, “పిల్లల్ని చూపించండి, కొమాద్రె,” అంది.

“చూడండి, కళ్లారా చూడండి!” అని కోడిని ఎత్తి పక్కన పెట్టాను.

గంపలో ఆరు పిల్లలు ఆరి, బొద్దుగా కూర్చున్నాయి. ఆరూ పసుపుపచ్చగా ఉన్నాయి. నల్ల టర్కీ పిల్ల మసిగుడ్డలా పుడుతుంది. తెల్లదాని పిల్లే అలా పచ్చగా పుడుతుంది. దొడ్లో ఉన్న పది మందిలో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు.

“ఏమే దొమితిలా, నల్లదాని గుడ్లకి పచ్చపిల్లలా?” అంది తోమాసా.

బసిలీసా లేచి నా ఎదురుగా వచ్చి నిలబడింది.

“దొమితిలా,” అంది. కొమాద్రె అనలేదు. “బొగ్గు గుర్తు మార్చింది నేను. మంచులో పెట్టింది నువ్వు.”

‘నువ్వు’ అంది! ముప్పై ఏళ్లలో మొదటిసారి. ఎవరో గబగబా నుదుటిమీద సిలువ గుర్తు వేసుకున్నారు.

“నీ రొట్టె మాడిన రోజు మార్చాను. నీ గుడ్లకి సిలువ, నా గుడ్లకి సున్నా. నువ్వు చెయ్యి పెట్టకపోతే పన్నెండూ పిల్లలయ్యేవి. ఇవాళ అందరి ముందూ చెప్పి, ఎవరివి వాళ్లకి ఇచ్చేదాన్ని. కానీ పెడతావని తెలుసు. నా గేటుకి ఎర్ర దారం కట్టిన రోజే తెలుసు.”

“తెలిసి చూస్తూ ఊరుకున్నావా?” నాకూ ‘నువ్వు’ వచ్చేసింది. “నా గుడ్లు చస్తుంటే కంచె సందులోంచి చూస్తూ కూర్చున్నావా, రాక్షసీ?”

“మూడు పొద్దులూ చూశాను. మొదటిరోజు కేకెయ్యబోయాను. కేకేస్తే అవి నీవని చెప్పాలి. చెబితే మర్నాడు రాతి మీద నావి ఉంటాయి. నాకు దక్కకపోయినా ఫరవాలేదు, అవి బతికితే చాలనుకున్నాను.”

“మరి నా ప్రియేతా? నా నల్లపిల్లని నాకే వండిపెట్టావే, దానికేం చెబుతావు?”

“నా నల్లకోడే అనుకున్నాను. అప్పుడు నాకూ ఒకటుండేది. పొదుగు దిగుతుందని ముంచాను, చావాలని కాదు. చచ్చాక దారం కనిపించింది. చెప్పడానికి సిగ్గేసి వండేశాను. నీకు పెట్టకుండా తినడానికి మనసొప్పలేదు.” శాలువా తలమీదికి లాక్కుంది. “సున్నా గుర్తు పిల్లలు నీవి. నేను అడగను.” అని వెళ్లిపోయింది. మిగిలినవాళ్లు కూడా తమాలెలు కంచాల్లోనే వదిలేసి ఒక్కొక్కరే లేచారు.

అందరూ పోయాక సిలువ గుడ్డు ఒకటి రాతి అంచున కొట్టాను. లోపల నా బొటనవేలంత పిల్ల, మెడ మడుచుకుని ఉంది. దాని వీపు మీద నల్లటి నూగు అప్పుడే మొదలైంది. రెండోది పగలగొట్టలేదు. అన్నీ కలిపి కంబళి ముక్కలో చుట్టి కిత్తనార మొదట్లో పాతిపెట్టాను. అమ్మ గుర్తొచ్చి, అమ్మా అని పైకే అని, వెక్కి వెక్కి ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే గేటు చప్పుడైంది. బసిలీసాయే. చేతిలో చిన్న గిన్నె.

“గుడ్లు పిల్లలయ్యాయిగా. ఇంక నీ మేత అక్కర్లేదు, పో,” అన్నాను.

“ఇది కోడికి కాదు. ఉడికిన గుడ్డు చిదిమి, ఉల్లికాడలు కలిపి తెచ్చాను. నిన్నట్నుంచి ఏమైనా తిన్నాయా?”

తినలేదు. రాత్రి నుంచి నా చేతిలో మేత చేతిలోనే ఉంది. టర్కీ పిల్లలకి ముక్కు కింద పెట్టినా తిండని తెలియదు. ఎవరో ఒకరు నేర్పాలి. తొలిచూలు కోడికి తనకే తెలియదు, వాటికేం నేర్పుతుంది?

“పిల్లలు నావి,” అన్నాను.

“నీవే. ఆకలికి చచ్చినా నీవే. గేటు తియ్యి.”

తీశాను. క్షమించి కాదు. బయట మంచు ఇంకా కరగలేదు, గంపలో అరుపులు సన్నబడుతున్నాయి, అందుకు తీశాను. ఆమె గంప పక్కన గొంతుక్కూర్చుని, చూపుడువేలితో గిన్నె అంచున టక్‌టక్‌మని కొట్టింది, కోడి ముక్కుతో పొడిచినట్టు. మూడోసారికి ఒక పచ్చపిల్ల ఆమె వేలి చివర పొడిచింది. తర్వాత ఇంకొకటి వచ్చింది.

తల ఎత్తకుండానే అడిగింది. “నల్లది ఒక్కటైనా మిగిలిందా?”

“లేదు,” అన్నాను.

వేలితో అలా కొడుతూనే ఉంది. నేను ఆమె వీపు వెనకే నిలబడ్డాను. ఇప్పుడు కొమాద్రె కాదు, మీరూ లేదు, మన్ననా లేదు. పది నెలలుగా దాచుకున్న తిట్లన్నీ తిట్టొచ్చు. నోరు తెరిచాను. ఒక్క తిట్టూ రాలేదు.